చిచ్చుబుడ్డి మోసిన గుడ్డు

రండర్రా, ఇంకా దగ్గరికి జరగండి. ఆ చివరన కూర్చున్నవాళ్ళు కూడా ఇటు రండి. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. గుర్రం చెవిలో చెప్పిన మాటలు ఇందులో చాలా ఉన్నాయి, అరిచి చెబితే వాటి రుచి పోతుంది.

ఎర్రరాతి కొండల నడుమ తామ్రశిల అని ఒక పట్టణం. దాని కోటగోడలు పొద్దున కుంకుమ రంగులో, మధ్యాహ్నం రాగి రంగులో, పొద్దు వాలేసరికి నేరేడుపండు రంగులో ఉండేవి. బురుజుకొక ఇత్తడి నెమలి. గాలి వీచినప్పుడు వాటి తోకలు కదిలి, ఊరంతా ఎవరో గాజులు సవరించుకున్నట్టు వినిపించేది. అంత వైభవమున్న ఊళ్ళో ఉప్పు మాత్రం పుట్టదు. సముద్రం ఇరవై రోజుల దూరం. ఎద్దుల వీపున రెండు వైపులా గోనెసంచులు వేలాడదీసి, కనుమలు దాటి ఉప్పు తెచ్చే కుటుంబాలుండేవి. ఆ సంచులనే పెరికలంటారు. మాచమ అలాంటి ఇంటి పిల్ల. ఇరవై రెండేళ్ళది. ఎద్దు కాలు తడబడితే, అది ఎక్కడ నొచ్చిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పెనిమిటి ఎద్దుల్ని తోలుకుని మళ్ళీ సముద్రం దారి పట్టాడు. ఇంట్లో మాచమ, ఏడు నెలల కూతురు పున్ని మాత్రమే ఉన్నారు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఉన్నట్టుండి ఎండ ఆరిపోయింది. మబ్బు కాదది, రెక్కల నీడ. ఒకే ఒంటికి రెండు తలలున్న గండభేరుండ పక్షి మాచమ పెరట్లో దిగింది. రెక్క ఒక్కటి విదిలిస్తే ఇంటి పైకప్పు సగం లేచిపోయింది. ఉప్పు పెరికల దాకా వచ్చి, మంట తగిలినట్టు వెనక్కి గెంతింది. ఆ జాతి పక్షులకు ఉప్పు నిప్పుతో సమానం. మాచమ పరుగెత్తుకొచ్చేలోపు ఒక తల ఉయ్యాల గుడ్డతో సహా పున్నిని ముక్కున కరుచుకుంది. రెండో తల మాట్లాడింది.

"నా గుడ్డు వాసన నీ ఉప్పులోకి వచ్చి ఆగిపోయింది. దొంగవు నువ్వో ఇంకొకరో నాకు తెలియదు. పొద్దు గుంకేలోగా గరుడకొమ్ము మీద నా గూటికి గుడ్డు తెచ్చివ్వు. అందాకా నీ బిడ్డ నా రెక్క కింద వెచ్చగా ఉంటుంది. పొద్దు గుంకిందా, నాకు బిడ్డ లేదు. నీకూ లేదు."

అని ఎగిరిపోయింది. మాచమకు ఏడవడానికి కూడా తీరిక లేదు. పెరికలు ఒక్కొక్కటే కుమ్మరించింది. నాలుగో దాంట్లో, ఉప్పు నడిమధ్యన, గుమ్మడికాయంత గుడ్డు బయటపడింది. చింతపిక్క రంగు, పైన బంగారు చుక్కలు. లోపల ఎవరో వేలితో తట్టినట్టు టుక్... టుక్... అంటోంది. అప్పుడు గుర్తొచ్చింది, కనుమ దగ్గర ఓ ముసలి బైరాగి "కాసేపు నీ సంచుల నీడన కూర్చుంటానమ్మా" అన్నాడని. వాడు బైరాగి కాదు, కాకోలుడనే మాంత్రికుడు. తల్లిపక్షికి వాసన తెలియకుండా గుడ్డును ఉప్పులో దాచి, పిల్ల పుట్టే వేళకు ఎత్తుకుపోయి, దాన్ని తన వాహనంగా పెంచుకోవాలని వాడి ఎత్తు.

పున్నిని వీపున కట్టుకునే పాత చీరతో గుడ్డును గుండెలకు కట్టుకుని మాచమ రాజుగారి లాయానికి పరుగెత్తింది. గరుడకొమ్ము మూడామడల కొండదారి. కాలినడకన రెండు రోజులు.

లాయం పెద్ద రుద్రప్ప తలపాగా విప్పుకుని గుమ్మంలో కూలబడి ఉన్నాడు.

"మామా, గుర్రం కావాలి!"

"గుర్రాలా! ఆ పిట్ట రెక్క కొట్టగానే తలుగులు తెంపుకుని నూటఇరవైకి నూటఇరవయ్యీ పోయినయ్యి. లద్దె ఉంది, కావాలంటే తీస్కపో."

"మరి లోపల తన్నేదేంది?"

రుద్రప్ప మొహం చిన్నబోయింది. "అదా! అది గుర్రం గాదమ్మీ, నాలుగు కాళ్ళ చిచ్చుబుడ్డి. పేరే అది పెట్టినం. నిరుడు యుద్ధంలో కరాళపురపోళ్ళ రాహుత్తు దీని మీదినుంచి పడిపోతే పట్టుకొచ్చినం. పక్షిని జూసి బెదరలేదు నిజమే, అసలు దేనికీ బెదరదది. ఊరికే ఉండలేకపోవుడే దాని రోగం."

"మేతేం పెడుతున్నవ్?"

"పాపం, పరాయి దేశపు బిడ్డ గదా అని మూడు పూటలా ఉడకబెట్టిన ఉలవలు. పైన బెల్లం."

"బయటికెప్పుడు తీసినవ్?"

"పది రోజులయ్యింది."

"ఉలవలు పెట్టి పది రోజులు కట్టేస్తే మా ముసలెద్దు కూడా గోడ దూకుతది మామా! అది చిందులేస్తే ఎట్లా ఊరుకోబెడతరు?"

"ఎట్లేముంది, ప్రేమగా 'శాంతం, శాంతం' అని నిమురుతం. అంతే! తాడుతో సహా మమ్మల్ని ఈడ్చుకపోతది. ముగ్గురికి చేతులిరిగినయ్యి. దయంటే తెలియని జంతువమ్మా."

మాచమ అప్పటికే లోపలికి వెళ్ళింది. చీకటి కొట్టంలో ఎర్రటి ఆడగుర్రం, కొలిమిలోంచి అప్పుడే తీసిన ఇనుము రంగు. నొసట తెల్లటి చుక్క. కళ్ళలో తెల్లగుడ్డు కనబడుతోంది. నాలుగు డెక్కల్లో ఏ ఒక్కటీ నేల మీద రెప్పపాటు నిలవడం లేదు. మాచమ దాని ముక్కుకు ఎదురుగా పోకుండా, భుజం పక్కన నిలబడి, తన ఊపిరి దానికి వినబడేదాకా ఆగింది.

"నా బిడ్డ కొండ మీద ఉందే. నీకు పరుగు కావాలి, నాకు దారి కావాలి. ఇద్దరం కలిసి పోదాం పద."

రుద్రప్ప జీను బిగించాడు. రికాబులో కాలు పెట్టిందో లేదో, గుర్రం కోటగుమ్మం దాటేసింది.

మొదటి క్రోసు దారి మాచమకు తెలియలేదు. ఎద్దుల వెంట నడిచిన మనిషి ఆమె, గుర్రం ఎక్కింది తక్కువ. పట్టు దొరక్క పగ్గాలు గుండెలదాకా లాగి పట్టుకుంది. లాగినకొద్దీ గుర్రం మెడ విల్లులా వంగింది, ముందుకు పోవలసిన పరుగంతా లోపలే కూరుకుని పైకి ఎగసింది. అడుగు తీసి అడుగు వేయకుండా అక్కడికక్కడే ఎగురుతోంది, పక్కకు జరుగుతోంది, తోకతో కొడుతోంది. ఎగిరిన ప్రతిసారీ గుడ్డు గుండెకు తగిలి టుక్‌మంటోంది.

దారికి రెండు పక్కలా తుమ్మలు. జానెడేసి ముళ్ళు, ఎండకు వెండి సూదుల్లా మెరుస్తున్నాయి. ఆ సందులోకి రాగానే గుర్రం మరీ చెలరేగింది. మాచమ ముందుకు వంగి, మెడ నిమిరి, తల్లి పిల్లను జోకొట్టినట్టు అంది:

"శాంతం తల్లీ, శాంతం!"

అంతే. బాణం వదిలినట్టయింది! చెవులు రెండూ ముందుకు నిగిడాయి, నడుము కుంగింది, డెక్కలు నేలను తన్నాయి. ముళ్ళు చీర చీలుస్తున్నాయి, చెంప గీరుతున్నాయి. మాచమ రెండు చేతులూ గుడ్డు చుట్టూ వేసి, మోకాళ్ళు బిగించి, లేచి రికాబుల మీద నిలబడింది. కుదుపంతా మోకాళ్ళలోనే ఇంకిపోవాలి, గుండె దాకా రాకూడదు. తుమ్మలడవి చివర పెద్ద గుండు ఒకటి అడ్డం వచ్చింది. ఒకే పగ్గం పట్టుకుని మెల్లగా ఒక పక్కకు లాగింది. గుర్రం గుండు చుట్టూ తిరిగింది. మళ్ళీ తిప్పింది. గానుగ తిప్పినట్టు ఏడుసార్లు తిప్పింది. ఎనిమిదోసారికి పరుగు నడకలోకి దిగింది.

"ఏమే, మంచిమాట చెబితే కోపమా నీకు?" అంది మాచమ, రొప్పుతూ.

గుర్రం ముక్కు చీదింది. నవ్వినట్టే ఉంది.

పొద్దు నడినెత్తి దిగి ఒక పక్కకు వాలింది. దారి వెదురు గుబుర్ల మీదుగా ఎక్కసాగింది. ఎడమ పక్క లోయ. అడుగున ఏరు దారప్పోగులా కనబడుతోంది. అక్కడ చిచ్చుబుడ్డి మళ్ళీ చిందులు మొదలుపెట్టింది. అలవాటయిన నోరు ఊరుకోదు కదా. "శాంతం, శాంతం" అనేసింది మాచమ. గుర్రం మళ్ళీ లేచింది. వెనక డెక్క కింద మట్టి జారి లోయలో పడింది. రాయి పడిన చప్పుడు వినబడటానికి మూడు ఊపిర్లు పట్టింది. గుడ్డు జీను మొనకు తగిలి 'టక్'మంది.

గుర్రాన్ని కొండవైపు తిప్పి, వెదుర్ల మధ్య అటొకసారి ఇటొకసారి నడిపి, పరుగు తీరాక మాచమ చీర మడత విప్పి చూసింది. గుడ్డు మీద వెంట్రుకంత బీట. లోపలి చప్పుడు ఆగిపోయింది.

"పున్నీ..." అంది. గుడ్డుకు చెవి ఆనించి అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి, చాలా మెల్లగా, టుక్.

అప్పుడు తుడుచుకుంది కళ్ళు. ఎద్దులు తోలిన మనిషి కదా, జంతువు తప్పు చేసిందంటే ముందు తానేం చేసిందో వెతుక్కుంటుంది. రెండుసార్లు పారిపోయింది. రెండుసార్లూ ఒకే మాట. ఆ మాట అనగానే చెవులు భయంతో వెనక్కి పోలేదు. ఆజ్ఞ విన్న బంటులా ముందుకు నిగిడాయి!

"ఎవరే నీకీ మాట నేర్పింది? ఏమని నేర్పారే?" అని దాని మెడ మీద చెయ్యి వేసింది. "సరే, ఇక నేను ఆ మాటే అనను. నువ్వు నా మాట వినక్కర్లేదు, నా ఊపిరి విను."

పగ్గాలు వదులు చేసింది. ఎంత వదులంటే, మధ్యన జారి వేలాడాయి. వదిలితే పారిపోతుందేమోనన్న భయం ఉంది. అయినా వదిలింది. గుర్రానికి నిలబడే పని చెబితే కోపమొక్కటే మిగులుతుంది. కాళ్ళకు వేరే పని చెబితే కోపానికి చోటుండదు. ఆ చెట్టుకు కుడిపక్క, ఈ రాతికి ఎడంపక్క, ఏటవాలులో పాములా అడ్డడ్డంగా. ఎద్దుల్ని నిటారు కొండ ఎక్కించేదీ అలాగే. గొంతులో మాటలు లేకుండా "ఊఁ... ఊఁ..." అని లాగుతూ నడిపింది. కాసేపటికి గుర్రం మెడ కిందికి దించింది. డొక్కలనిండా ఊపిరి పీల్చి వదిలింది. తోక ఊగడం మానింది. పెదవులు చప్పరించింది.

ఆ క్షణాన కొండ ఎంత అందంగా ఉందో! వెదురాకుల సందుల్లోంచి ఎండ పచ్చని నాణేల్లా రాలుతోంది. ఎక్కడో తేనెపట్టు జుమ్మంటోంది. దూరంగా, ఆకాశంలోకి పొడుచుకొచ్చిన ఏనుగుదంతంలా గరుడకొమ్ము తెల్లగా నిలబడింది. దాని కొసన చిన్న నల్లచుక్క, గూడు.

వెదుర్లు దాటగానే దారి మూడుగా చీలే మెట్ట. ఒకటి లోయలోకి, ఒకటి కరాళపురానికి, ఒకటి గరుడకొమ్ముకు. మెట్ట మీద ఐదుగురు రాహుత్తులు అడ్డంగా నిలబడి ఉన్నారు. నలుగురు ఇనుప టోపీల కరాళపురం వాళ్ళు. ఐదోవాడికి టోపీ లేదు. బైరాగి గడ్డం, మెడలో ఎముకల దండ.

"వచ్చావా అమ్మాయీ!" అన్నాడు కాకోలుడు, మేనమామ పలకరించినట్టు. "నా సామాను ఇంత జాగ్రత్తగా మోసుకొచ్చినందుకు సంతోషం. ఇటివ్వు."

"నీ సామానా! తల్లి గూట్లోంచి దొంగిలించింది నీ సామానెట్లా అయ్యిందిరా?"

"చూశావా, ఉప్పమ్ముకునేదానికి నోరెంతుందో!" అన్నాడు ఒక రాహుత్తు. మిగతావాళ్ళు నవ్వారు.

"ఉప్పు తినే నోరు గదయ్యా, కారంగనే ఉంటది."

కాకోలుడు నవ్వలేదు. పొద్దువైపు చూశాడు. "పిల్ల బయటికి వచ్చే వేళయింది. పట్టుకోండి! గుడ్డుకు దెబ్బ తగిలిందా, మీ తలలు తీస్తాను."

మాచమ మడమ ఆనించింది. చిచ్చుబుడ్డి రెండు గుర్రాల మధ్యనుంచి దూరి మెట్ట అంచు వెంట దౌడు తీసింది. ఐదు గుర్రాలూ వెంటపడ్డాయి. అంచు ఇరుకవుతోంది. ఒక వైపు నిలువు రాయి, ఇంకో వైపు గాలి తప్ప ఏమీ లేదు. రాహుత్తుల నాయకుడు పక్కకొచ్చి చీర కొంగు పట్టుకోబోయాడు. ముందు దారి కొట్టుకుపోయి నోరు తెరిచిన పెద్ద గండి! వాడు చూశాడు. గుండె ఆగినంత పనై, గొంతు చించుకుని అరిచాడు:

"నరుకు! నరుకు! నరుకు!"

ఇక అయిపోయాననుకుంది మాచమ. మెడ కుదించుకుని గుడ్డు మీద బోర్లా పడింది. కత్తి దిగలేదు. దానికి బదులు, చిచ్చుబుడ్డి నాలుగు కాళ్ళూ నేలలోకి దిగేసి, మేకు కొట్టినట్టు ఆగిపోయింది. పక్కన నాయకుడి గుర్రం ఆగిపోయింది. వెనక నాలుగూ ఆగిపోయాయి. గండి అంచుకు మూరెడు దూరం.

గుర్రాలన్నీ రొప్పుతున్నాయి.

మీకర్థమైందా? మాచమకు మాత్రం ఆ ఊపిరిలోనే అర్థమైంది. కరాళపురం సేనాపతి జిత్తులమారి. తన గుర్రాలు శత్రువుల చేతికి చిక్కినా వాళ్ళకు పనికిరాకూడదని, మాటలన్నీ తిరగేసి నేర్పించాడు. 'నరుకు' అంటే ఆగు. 'శాంతం' అంటే మీదపడి దౌడు తియ్యి. ఏడాదిపాటు తామ్రశిల లాయంలో జాలిగుండె గల మనుషులు ఆ పిచ్చి గుర్రాన్ని నిమురుతూ నిమురుతూ, యుద్ధానికి పొమ్మని చెప్పారన్నమాట! అది పాపం, చెప్పిన మాటే విన్నది. విన్నందుకు దెయ్యమనిపించుకుంది.

"అయ్యో నా తల్లీ!" అని మెడను కావలించుకుంది మాచమ.

నాయకుడు చెమట తుడుచుకుని గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. మిగిలినవాళ్ళూ తిప్పుకున్నారు. ఆ ఇరుకులో పట్టుకోబోతే గుడ్డు పడిపోతుంది, అందుకని మెట్ట మీదికి వచ్చి, అడ్డంగా నిలబడదామని. వాళ్ళ గుర్రాల మొహాలన్నీ ఇప్పుడు లోయదారి వైపున్నాయి. చిచ్చుబుడ్డి మొహం గండి వైపుంది. గండి అవతల గరుడకొమ్ము దారి. వెడల్పు పది మూరలు. మంచి గుర్రం దూకగలిగినంతే.

మాచమ నాలుగడుగులు వెనక్కి నడిపించింది. చీర ముడి మళ్ళీ బిగించింది. రికాబుల మీద లేచి, పగ్గాలు పూర్తిగా వదిలి, కోవెల గంట మోగినట్టు అరిచింది:

"శాంతం! శాంతం! శాంతం!"

వెనక ఐదు గుర్రాలూ లోయదారి పట్టాయి. "ఒరేయ్ నరుకు... నరుకురా!" అని రాహుత్తులు మొత్తుకుంటున్నారు గాని, దుమ్ములో, డెక్కల చప్పుడులో ఏ గుర్రానికి వినబడుతుంది? కాకోలుడి తిట్లు కొండ మలుపులో కలిసిపోయాయి. ముందు చిచ్చుబుడ్డి గాలిలో ఉంది. కింద గండి, గండిలో గద్దలు, గద్దల కింద నీడ. జూలు మాచమ మొహం నిండా పరుచుకుంది. అవతలి అంచు మీద ముందుకాళ్ళు పడ్డాయి, వెనకకాళ్ళు జారాయి, రాళ్ళు దొర్లాయి. ఒక్క ఊపుతో పైకి లాక్కుంది.

"నరుకే నా బంగారూ!" అంది మాచమ. గుర్రం ఆగింది.

పొద్దు ఇంకా రెండు బారల ఎత్తున ఉంది. గరుడకొమ్ము చుట్టూ చెక్కినట్టున్న ఒంటరి దారి. వెడల్పు మూరన్నర. కొండరాయి అద్దంలా నున్నగా ఉంది, అందులో పడమటి ఎండ కరిగిన బెల్లపు పాకంలా కారుతోంది. ఇక్కడ దిగి నడిపిద్దామంటే దిగే చోటు లేదు. మాచమ కళ్ళు దారి మీద పెట్టడం మానేసింది. దారి గుర్రమే చూసుకుంటుంది. చేతులు గుడ్డు మీద, ఊపిరి నిదానంగా, పగ్గాలు వేలాడుతూ. మధ్యాహ్నం ఒక్క డెక్క కూడా నేల మీద ఉంచని గుర్రం, ఇప్పుడు ఒక డెక్క ఆనించి, రాయి నిలుస్తుందో లేదో చూసుకుని, రెండోది ఎత్తుతోంది.

సగం దారిలో గుడ్డు పగిలింది.

'పట్' మని పెంకు ఊడి మాచమ ఒళ్ళో పడింది. ఈ జాతి పిల్లలు కళ్ళు తెరిచి మొదట ఎవరిని చూస్తే వాళ్ళనే తల్లి అనుకుంటాయి. కాకోలుడు కాచుకున్నది ఆ గడియ కోసమే. మాచమ గభాలున కొంగు మొహం మీదికి లాక్కుని, చీర చెరగు పిల్ల మీద కప్పబోయింది. ఆలస్యమైంది. తడి తడి తలలు రెండూ బయటికి వచ్చాయి, నాలుగు కళ్ళూ తెరుచుకున్నాయి. సరిగ్గా అప్పుడే, ఒంటి మీద ఏం కదిలిందా అని చిచ్చుబుడ్డి మెడ వెనక్కి తిప్పి, ముక్కు పెట్టి వాసన చూసింది. పొడుగాటి ఎర్రమొహం, నొసట తెల్లచుక్క. వెచ్చటి ఊపిరి.

"కిచ్!" అంది ఒక తల. "కిచ్!" అంది రెండో తల. రెండూ గుర్రం ముక్కును ప్రేమగా పొడిచాయి.

"ఓరి దేవుడో" అంది మాచమ.

గూటికి చేరేసరికి పొద్దు కొండల మీద గడ్డం ఆనించింది. చందనపు మొద్దులతో అల్లిన గూడు, అందులో గండభేరుండం. దాని రెక్క సందులోంచి పున్ని చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఈకలు పీకుతోంది. మాచమ గుర్రం దిగి, పక్షిపిల్లను తెచ్చి తల్లి ముందు పెట్టింది. తల్లి రెండు తలలూ వంచింది. పిల్ల దాని వైపు చూడలేదు. ఈకలు రాని రెక్కలు ఆడిస్తూ, పడుతూ లేస్తూ, గుర్రం ముందుకాళ్ళ మధ్యకు వెళ్ళి చేరింది.

గండభేరుండం అరుపుకు రాళ్ళు రాలాయి. "నా బిడ్డ నాకు రాలేదు! గుర్రాన్ని అమ్మా అంటోంది! నీ బిడ్డను నేనెందుకిస్తాను?"

పొద్దు సగం మునిగింది. మాచమ మోకాళ్ళ మీద కూర్చుంది.

"పక్షితల్లీ, ఒక్క మాట చెప్పు. మధ్యాహ్నంనుంచి నా పున్నిని రెక్క కింద పెట్టుకున్నవ్. ఏడ్చిందా?"

పక్షి రెండు తలలూ ఒకదానినొకటి చూసుకున్నాయి. "కాసేపు ఏడ్చింది. తరవాత నవ్వింది. నా ఈకలు పీకింది."

"నువ్వు దాని తల్లివి గాదు గద. ఎందుకు నవ్వింది? వెచ్చగ పెట్టుకున్నవ్ గనుక. పసిదానికి మొదటిచూపు ఒక్కటే గాదు తల్లీ, వెచ్చదనం తెలుస్తది, ఆకలి తెలుస్తది. నీ పిల్లకు పురుగు పెట్టనీకి గుర్రానికి చేతనైతదా? గుర్రాన్ని నీ దగ్గరే వదిలిపోత. నీ పిల్ల దాని పక్కన పండుకుంటది. నువ్వు దాని పక్కన పండుకో. మేత నీ నోటితోనే పెట్టు. నాలుగు రోజులు ఓపిక పట్టు, కడుపు నింపేది ఎవరో దానికే తెలుస్తది."

"ఆ గుర్రం నిలుస్తుందా? దాని ఒళ్ళంతా నిప్పు. ఒక్క డెక్క వేస్తే నా పిల్ల నలిగిపోతుంది."

అందరి చూపూ చిచ్చుబుడ్డి మీద పడింది. మాచమ లేచి వెళ్ళి కళ్ళెం తీసేసింది. జీను విప్పేసింది. నురగ పట్టిన వీపును చీర చెరగుతో తుడిచింది. ఏ మాటా చెప్పలేదు. ఆగమనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. పక్కకు జరిగి నిలబడింది. గుర్రం పారిపోదలచుకుంటే దారి తెరిచే ఉంది.

కొండగాలి రివ్వుమంది. పక్షిపిల్ల గుర్రం గిట్టకు ఆనుకుని ముడుచుకుంది. చిచ్చుబుడ్డి ఒంటి మీద ఈగ వాలినట్టు చర్మం ఒక్కసారి వణికింది. తల వంచింది. ఒక్క డెక్క కూడా కదల్లేదు. కొండలో కొండలా నిలబడింది.

గండభేరుండం రెండు తలలూ వంచి ఆ డెక్కల్ని చూసింది. అంచున మిగిలిన పొద్దు గోరంత. రెక్క పైకెత్తింది.

మాచమ బిడ్డను అందుకుంది. అందుకుని, మొహాన మొహం పెట్టి, వాసన చూసింది. చందనం, ఈకలు, ఆ అడుగున తన పున్ని.

పక్షి తన పిల్లను వదిలి ఎగరలేదు. గుర్రమూ దాన్ని వదిలి కదలకూడదు. అంటే ఆ మూరన్నర దారిలో, చంకలో బిడ్డతో, కాలినడకన దిగాల్సింది మాచమే. కిందికి చూసింది. దారి మొదట్లో, ఆమె గుర్రంతో దూకిన గండి దగ్గర, నల్లటి పొగ ఒకటి మనిషి ఎత్తున లేచి నిలబడింది. గాలికి చెదరడం లేదు. దానికి గడ్డం ఉంది. మెడలో ఎముకల దండ ఉంది. దిగే దారి అదొక్కటే, గుర్రం లేకుండా ఆ గండి దాటే ఉపాయమూ వెతుక్కోవాలి.

పున్ని ఆకలికి ఏడుపు అందుకుంది. మాచమ పొగవైపు వీపు పెట్టి, గుర్రం ముందుకాళ్ళ దగ్గర చతికిలబడి కూర్చుని, బిడ్డకు పాలు పట్టింది. రానీ ఆ కాకోలుణ్ణి, ఎవరొచ్చినా ఇది కానిచ్చాకే.

ఇక్కడిదాకా మనసులో పెట్టుకోండి. ఆమె ఎలా దిగిందో చెప్పే తీరిక నాకు లేదు, రేపు మీకుంటుంది, మీ పిల్లల్ని ఇలాగే దగ్గరికి పిలిచి మిగతాది మీరే చెప్పండి. ఊరి పేరు మరిచిపోయినా ఫరవాలేదు, మాంత్రికుడి గడ్డం ఇంకో మూరెడు పెంచినా నేనేమీ అనను. ఒక్కటి మాత్రం మార్చకండి. ఆ గుర్రాన్ని మాచమ లొంగదీసిందని చెప్పకండి. అది మొదటినుంచీ మాట వింటూనే ఉంది. దానికి ఏం చెబుతున్నామో మనవాళ్ళకే తెలియలేదని చెప్పండి.